దిల్‌సుఖ్‌నగర్ మీదుగా సముద్రానికి

సాయంత్రమైతే చాలు, ఎల్బీనగర్ చౌరస్తా దాటాక బెజవాడ బస్సుల కోసం జనం బ్యాగులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. పండగల ముందు ఆ రద్దీ దిల్‌సుఖ్‌నగర్ దాకా వస్తుంది. అందరూ ఈ రోడ్డును విజయవాడ హైవే అనే అంటారు. ఆ రోడ్డు మాత్రం విజయవాడలో ఆగదు. పుణెలో బయల్దేరి షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేటల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఒకప్పుడు దాని నంబరు 9. అంతకు చాలాముందు, నంబర్లేవీ లేని రోజుల్లో, అది గోల్కొండ నుంచి మచిలీపట్నం, అంటే బందరు రేవుకు పోయే దారి. సముద్రపు వ్యాపారం కోసం పడిన దారి.

అందుకు సాక్ష్యం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఎల్బీనగర్ దాటగానే హయత్‌నగర్ వస్తుంది. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. ఆమె భర్త సుల్తాను, కొడుకు అబ్దుల్లా కూడా సుల్తానే. ఇక్కడి మసీదు, దాని చుట్టూ బాటసారులు దిగే సరాయి గదులు, పక్కనే హాథీ బావిగా పేరుపడ్డ పెద్ద దిగుడుబావి ఆ కాలానివే. రాజధాని విడిచి రేవుకు బయల్దేరిన బిడారు దిగి, ఎడ్లకు నీళ్లు పెట్టుకునేది ఇలాంటి చోట్లనే.

ఏమి మోసుకుపోయేవాళ్లు? ముఖ్యంగా బట్టలు. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు. బందరు చుట్టుపక్కల అద్దకపు బట్టకు పర్షియాలో విపరీతమైన గిరాకీ ఉండేది. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో నలుపు, పటిక సాయంతో చిరివేరు ఎరుపు ఎక్కించే ఆ పనితనం పెడనలో ఇప్పటికీ చూడవచ్చు, చిరివేరు మాత్రం చాలావరకు మరుగున పడింది. బందరు వెళ్లినవాళ్లు పెడనలో ఒక పూటైనా ఆగాలి. కోటగోడలకంటే ఆ చెక్క అచ్చుల చప్పుడే గోల్కొండ వ్యాపారం గురించి ఎక్కువ చెబుతుంది.

ఈ తీరపు వర్తకం కుతుబ్ షాహీలకంటే ఎంతో పాతది. క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకస్సిల రేవు నేటి ఘంటసాలేనని చరిత్రకారుల మాట. అక్కడ బౌద్ధ స్తూపం ఆనవాళ్లున్నాయి. ఇప్పుడు సముద్రం ఆ ఊరికి దూరంగా జరిగిపోయింది. కృష్ణ తెచ్చే ఒండ్రు ఏటేటా తీరాన్ని ముందుకు నెట్టడం వల్ల ఇక్కడ రేవులు ఒకచోట నిలవలేదు.

పదిహేడో శతాబ్దానికి పెద్ద రేవు మచిలీపట్నమే. డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ 1611లో వచ్చింది. ఫ్రెంచివాళ్లు 1669లో చేరారు. 1639లో అబ్దుల్లా కుతుబ్ షా స్వయంగా పరివారంతో బందరు వెళ్లి అక్కడి డచ్చి, ఇంగ్లీషు వర్తక కోఠీలను చూసొచ్చాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే బందరు ఇళ్లు చెక్కవని, బంగాళాఖాతంలో ఓడలు నిలవడానికి ఇంతకు మించిన చోటు లేదని రాశాడు. పెగూ, సియాం, సుమత్రా, హోర్ముజ్, మక్కా దారుల ఓడలన్నీ ఇక్కడి నుంచి కదిలేవి. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కూడా ఈ దారినే బందరు పర్యటనకు వచ్చాడు. ఆ ప్రయాణంలో తమవాళ్ల ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడని కూచిపూడి భాగవతులు చెప్పుకుంటారు.

మద్రాసు కథ కూడా కొంత ఇక్కడిదే. సెయింట్ జార్జి కోట పనులు సాగించిన ఆండ్రూ కోగన్ అంతకుముందు బందరు కోఠీకి పెద్ద.

ఇక కోట. ఊరికి ఎడంగా, బురదనేలల మధ్య దాదాపు దీవిలా ఉండేది బందరుకోట. ఊరి వైపు నుంచి కట్ట మీద పోవడం ఒక్కటే దారి. 1750లో అది ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర వాళ్లను ఓడించిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు అండతో దిగివచ్చి కోటను ముట్టడించాడు. అటు ఫ్రెంచివాళ్లకు అండగా నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో దగ్గరికి వస్తున్నాడు, ఇటు మందుగుండు అయిపోవస్తోంది. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ తెగించాడు. నైరుతి మూల బురదలోంచి సిపాయిలు మోకాలి లోతున నడిచి ఉత్తుత్తి దాడితో లోపలివాళ్లను అటు తిప్పుకోగా, అసలు దండు ఈశాన్య బురుజు ఎక్కింది. తెల్లారేసరికి లొంగిపోయినవాళ్లు దాడి చేసినవాళ్లకంటే ఎక్కువమంది. వారాల్లోనే సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1766లో తీరంలోని ఉత్తర సర్కార్లు కూడా పోయాయి. హైదరాబాద్ రాజ్యానికి సముద్రం లేకుండా పోయింది ఇలా. ఆ లోటు ఎంత లోతైనదో 1947లో తెలిసింది. చివరి నిజాం సర్కారు గోవా రేవు కోసం పోర్చుగీసువాళ్లతో బేరాలాడింది.

దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో, అస్మాన్‌గఢ్ గుట్ట మీద, బందరులో ఫ్రెంచివాళ్ల ఓటమికి మరో కొస కనిపిస్తుంది. నిజాం అలీ ఖాన్ దగ్గర సేనాపతిగా పనిచేసిన ఫ్రెంచివాడు రేమండ్ 1798 మార్చిలో చనిపోతే అక్కడ సమాధి చేసి రాతి స్తంభం నిలిపారు. మూసారాంబాగ్‌లో వినబడేది అతని పేరేనని నగరం నమ్మకం. ఆ ఏడాది అక్టోబరులోనే ఇంగ్లీషువాళ్లు అతని పటాలాన్ని నిరాయుధం చేశారు. బందరులో మొదలైన ఫ్రెంచివాళ్ల వెనుకంజ ఈ గుట్ట దగ్గర ముగిసిందని చెప్పవచ్చు. బందరు బయల్దేరేవాళ్లు ముందు ఈ గుట్ట ఎక్కి వెళితే చూడబోయేది ఇంకా బాగా అర్థమవుతుంది.

బందరు పక్కనే అసలు దీవి ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య నేల దివిసీమ. మొగలు చక్రవర్తి ఫరూఖ్ సియర్ 1717 ఫర్మానాలో ఇంగ్లీషు కంపెనీ దీన్ని కూడా కోరి రాయించుకుంది. తర్వాత ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీలు పాండిచ్చేరి, మద్రాసుల్లో కూర్చుని సంధి మాట్లాడుకున్నప్పుడు, బందరు ఒకరికి దక్కితే దివి రెండోవారికి అన్నంత విలువ పలికింది. నేటి యాత్రికుడికి అవనిగడ్డ, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, నాగాయలంక రేవు, హంసలదీవి వేణుగోపాలస్వామి, కృష్ణ సముద్రంలో కలిసే పాలకాయతిప్ప, మడ అడవులు అన్నీ ఒక్క రోజు దారిలో వస్తాయి.

ఈ తీరం ఉప్పెనను మరిచి బతకలేదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరును ముంచింది. దాదాపు 30 వేల మంది పోయారు. ఆ తర్వాత కోటలో దండును ఉంచలేదు. రేవు అప్పటికే మేట వేసింది, పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరేసుకుంటే సరుకు పడవల్లో చేరేది. 1977 నవంబరు 19న దివిసీమ వంతు వచ్చింది. తాటిచెట్టంత కెరటమని బతికినవాళ్లు చెబుతారు. అధికారిక లెక్కే పదివేలకు దగ్గర. అందుకే ఇక్కడి ఊళ్లలో తుపాను షెల్టర్లు, ఒడ్డున సరుగుడు తోటలు ఉన్నాయి. పులిగడ్డలో స్మారక స్తూపం ఉంది. బీచి చూడబోయేవాళ్లు అక్కడ ఆగకుండా పోవడం న్యాయం కాదు.

బందరుకు రేవు తిరిగి తేవాలన్న ప్రయత్నం ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. శంకుస్థాపన ఒకటికి మూడుసార్లు జరిగింది, 2023 మేలో తపసిపూడి దగ్గర పనులు ప్రారంభించారు. వేటపడవలకు గిలకలదిండి హార్బర్ ఎప్పటినుంచో ఉంది. స్నానాలకు మంగినపూడి బీచి, నల్లమట్టి నేల, ఊరికి పదకొండు కిలోమీటర్లు. చిలకలపూడిలో పాండురంగడి గుడి, రోల్డుగోల్డు దుకాణాలు. బజారులో తొక్కుడు లడ్డు. హైదరాబాద్ నుంచి దాదాపు 340 కిలోమీటర్ల దారి, రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి చేరుకోవచ్చు. తుపానుల కాలం తప్పించి డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. బందరుకోటలో మిగిలిన ఆయుధాగారం గోడలు, డచ్చివాళ్ల సమాధుల మీది చెక్కడాలు ఎండకూ ఉప్పుగాలికీ తరిగిపోతున్నాయి. వాటిని ఇప్పుడే చూడాలి, కాపాడమని ఇప్పుడే అడగాలి.