కొక్కేలమీద ప్రాణం

ఆ మధ్య మా చెల్లెలికి ఆపరేషన్ జరిగింది. థియేటర్ బయట బల్లమీద నేనూ, దాని కొడుకూ కూర్చున్నాం. గంటలో అయిపోతుందన్న డాక్టరుగారు మూడు గంటలైనా బయటికి రాలేదు. ఎవరో స్నేహితుడు ఫోన్ చేస్తే మావాడు, "ఆన్ టెంటర్‌హుక్స్ రా!" అన్నాడు. బి.ఏ. చదివే రోజులనుంచీ నేనా మాటని 'టెండర్ హుక్స్' అనే అనుకుంటున్నాను! సుతిమెత్తని కొక్కేలు ఎక్కడైనా ఉంటాయా అన్న అనుమానమైనా రాలేదు చూడండి!

తరవాత డిక్షనరీ తీస్తే తెలిసింది, అది బట్టల పనివాళ్ళ మాట అని. పూర్వం ఇంగ్లండులో నేసిన ఊలుబట్టని నీళ్ళలో తడిపి, తొక్కి, జిడ్డు వదలగొట్టేవారు. తడి ఊలు అలాగే ఆరితే ముడుచుకుపోతుంది కదా! అందుకని ఆరుబయట పొడుగాటి చెక్క చట్రాలు నిలబెట్టి, వాటికి వంపు మేకులు కొట్టి, బట్ట అంచుల్ని తగిలించి బిగలాగి ఆరబెట్టేవారు. ఆ చట్రమే టెంటర్. 'సాగదీయడం' అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి వచ్చిందా పేరు. కొలత పెరుగుతుందన్న ఆశతో కొందరు బట్టని మరీ సాగదీసేవారు. దాన్ని అరికట్టడానికి చట్టాలే చెయ్యాల్సి వచ్చింది!

1748లో స్మాలెట్ అనే రచయిత తన 'రోడరిక్ రాండమ్' నవలలో మనిషి ఆరాటానికి ఈ మాట వాడాడు. ఆ చట్రాలు పోయినా లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో 'టెంటర్ గ్రౌండ్' అనే వీధి మిగిలింది. మిల్లుల్లో బట్టని వెడల్పుగా పట్టి ఆరబెట్టే యంత్రాన్ని ఇప్పటికీ 'స్టెంటర్' అనే అంటారు.

మనమైతే "ముళ్ళమీద కూర్చున్నట్టుంది" అంటాం. కాని ఆరోజు నాకు ఇంగ్లీషువాళ్ళ మాటే సరిపోయిందనిపించింది. ముళ్ళమీద కూర్చున్నవాళ్ళు కావాలంటే లేవచ్చు. కొక్కేలకి తగిలించిన బట్ట మాత్రం ఎవరో వచ్చి తీసేదాకా అలా బిగుసుకుని ఉండాల్సిందే. మేమిద్దరం మంచినీళ్ళకైనా లేవలేకపోయాం.

చివరికి తలుపు తెరుచుకుంది. "భయంలేదమ్మా" అన్నారు డాక్టరుగారు. అంతసేపూ నాకు ధైర్యం చెప్పిన కుర్రాడు, "పెద్దమ్మా!" అంటూ నా భుజంమీద వాలిపోయి బావురుమన్నాడు.

సాయంత్రం మా చెల్లెలు కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాటేమిటో తెలుసా?

"మీరిద్దరూ ఏమైనా తిన్నారా?"