ఇంగ్లీషు మీటల మీద తెలుగు

ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దాన్ని రూపొందించారు. ఇంటర్నెట్‌లో కలుసుకున్న ప్రవాస తెలుగువారు దాన్ని వాడి నిలబెట్టారు. చిన్న 'డి' కొడితే ద, పెద్ద 'డి' కొడితే డ. పెద్ద 'ఏ', చిన్న 'డి', పెద్ద 'ఓ', చివర చిన్న 'ఎన్', 'ఐ': ఐదు మీటల్లో 'ఆదోని' వచ్చేస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్ల డీటీపీ సెంటర్లలో అప్పట్లో ఫాంటుకో లెక్క. ఒకచోట కొట్టిన పెళ్లిపత్రికను ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే. ఈ చిక్కు విప్పడానికి వాడేవాళ్లే పూనుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లను యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే ప్రమాణంలో, చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున తయారుచేసిన 'పద్మ' అనే సాఫ్ట్‌వేర్ పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చింది. 2006లో వీవెన్ చేసిన 'లేఖిని'తో ఆర్‌టీఎస్ బ్రౌజర్‌లోకి వచ్చింది.

అసలు గెలుపు మాత్రం ప్రమాణాల దగ్గరే. పశ్చిమ కర్నూలు వాళ్లు రోజూ తినే జొన్నరొట్టెలో మొదటి అక్షరం దంత్యం, అంటే ౙ. యూనికోడ్‌లో అప్పటికి దానికి చోటే లేదు. నాగార్జున, కొలిచాల సురేశ్, మైకేల్ ఎవర్సన్ కలిసి యూనికోడ్‌కు ప్రతిపాదన పంపారు. 2008 నాటి యూనికోడ్ 5.1లో దంత్యాక్షరాలు ౘ, ౙ చేరాయి. ఆ తర్వాత ఫాంట్లు చేసే కంపెనీలకూ అవి ప్రమాణమయ్యాయి. ఆర్‌టీఎస్ కూడా అలాగే నిలిచింది: లినక్స్‌లో పలు భాషల టైపింగుకు వాడే ఎం17ఎన్ తెలుగు కీబోర్డుల్లో అదీ ఉంది.