చుక్క పెట్టి దాచినవి

2014లో కొత్త హార్డ్ డిస్క్ కొని, పాత పార్టిషన్‌లోని నా హోమ్ డైరెక్టరీని అందులోకి కాపీ చేశాను. సీపీ కమాండ్, పక్కన ఒక * గుర్తు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పాతదాన్ని ఫార్మాట్ కొట్టేశాను. వారం తర్వాత మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే ఖాళీ. నాన్న ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, చివర ‘ఉంటాను’ అని ముగించే ఆరేళ్ళ ఉత్తరాలు చుక్కతో మొదలయ్యే పేరున్న డైరెక్టరీలో ఉండేవి. సర్వర్లోనూ లేవు. దిగుమతి కాగానే అక్కడ చెరిపేసేలా నేనే సెట్ చేసుకున్నాను మరి.

తప్పు సీపీది కాదు. దానికి * అంటే ఏమిటో తెలీదు. ఆ గుర్తుని ఫైళ్ళ పేర్లుగా మార్చి అందించేది షెల్. చుక్కతో మొదలయ్యే పేర్లని అది వదిలేస్తుంది. ఎవరో బాగా ఆలోచించి పెట్టిన నియమం అనుకునేవాణ్ణి.

కాదట. రాబ్ పైక్ 2012లో ఈ కథ రాశాడు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తొలిరోజులు. డైరెక్టరీలో డైరెక్టరీ ఉండే అమరిక వచ్చాక, తిరగడానికి వీలుగా ప్రతిదాంట్లో రెండు పేర్లు చేర్చారు: తనని తాను సూచించే ‘.’, పైదాన్ని సూచించే ‘..’. ఎల్ఎస్ కొట్టినప్పుడల్లా ఇవి రెండూ కనపడి చికాకు. దాంతో కెన్ థాంప్సనో డెనిస్ రిచీయో (ఇద్దరిలో ఎవరన్నది పైక్ తేల్చడు) ఎల్ఎస్‌లో చిన్న పరీక్ష పెట్టారు: మొదటి అక్షరం చుక్కయితే వదిలెయ్. పోల్చాల్సింది మొత్తం పేరుని. అసెంబ్లీలో రాస్తున్నవాళ్ళు ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్నారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఇక చుక్క పెడితే ఫైలు కనపడదని అందరికీ తెలిసిపోయింది. ప్రతి ప్రోగ్రామూ తన సెట్టింగులు తెచ్చి హోమ్‌లో చుక్క చాటున పడేసింది. పైక్ అసలు ఫిర్యాదు ఈ చెత్త గురించే. 1975 నాటి ఆరో ఎడిషన్‌లో * సంగతి చూసే గ్లాబ్ అనే ప్రోగ్రాంలోనూ ఇదే పరీక్ష ఉంది. పోనీ ‘.*’ అని విడిగా అడుగుదామంటే, దానికి ‘..’ కూడా చిక్కి, కాపీ పై డైరెక్టరీలోకి ఎగబాకే ప్రమాదం. బాష్ దీన్ని డిఫాల్ట్‌గా ఆపింది 2022లో వచ్చిన 5.2 నుంచే.

ఇప్పుడు సీపీకి -ఏ ఇచ్చి, పాత డైరెక్టరీ పేరు చివర ‘/.’ పెడతాను. * లేదు కాబట్టి షెల్ ఏరివేత లేదు, దాగినవీ వచ్చేస్తాయి. కనపడకూడదని వాళ్ళు దాచిన ఆ చుక్కే ఇది. తర్వాత రెండు వైపులా ఎల్ఎస్ -ఏ కొట్టి చూసుకున్నాకే ఫార్మాట్ జోలికి పోతాను.

నాన్నవి రెండు మెయిళ్ళు మిగిలాయి, ఎప్పుడో ఆఫీసు అడ్రసుకి ఫార్వర్డ్ చేసుకున్నవి. ఒకటి గ్యాస్ బుకింగ్ నంబరు గురించి.