అట్టముక్కల అపొస్తలుడు

పూర్తి నిడివి కార్టూన్ సినిమా అనగానే చాలామందికి 1937 నాటి డిస్నీ స్నోవైట్ గుర్తొస్తుంది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1917లో, బ్యూనస్ ఎయిరిస్‌లో ఓ కుర్రాడు డెబ్భై నిమిషాల బొమ్మల సినిమా తీసేశాడు. పేరు కిరీనో క్రిస్తియానీ. ఇటలీలో పుట్టి, పసితనంలోనే అర్జెంటీనాకి వలసవచ్చినవాడు. అప్పటికి వయసు 21.

సినిమా పేరు ‘ఎల్ అపోస్తొల్’, అంటే అపొస్తలుడు. ఆ అపొస్తలుడు ఇంకెవరో కాదు, అప్పటి దేశాధ్యక్షుడు ఇరిగోయెన్! అవినీతిని ఊడ్చెయ్యాలని ఆయన ఒలింపస్ కొండెక్కి, జూపిటర్ దగ్గర పిడుగులు పుచ్చుకుని రాజధాని మీద ప్రయోగిస్తాడు. అవినీతితోపాటు ఊరూ తగలబడిపోతుంది.

బొమ్మలన్నీ అట్టముక్కలే. కాళ్ళూ చేతులూ విడిగా కత్తిరించి, కదిలేలా కీళ్ళు కట్టి, కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీశాడు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఈ కీళ్ళ సంగతి కొత్తేం కాదు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. అధ్యక్షుణ్ణే వెక్కిరించిన సినిమా హాల్లో ఆడింది. 1918లో తీసిన రెండోదాన్ని మాత్రం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అది అర్జెంటీనాని యుద్ధంలోకి లాగబోయిన జర్మన్ జలాంతర్గామి వ్యవహారం గురించి. దేశమేమో తటస్థంగా ఉండాలని పట్టుబట్టి కూర్చుంది. తన మీద జోకులు భరించిన పెద్దమనిషి, విదేశాంగ విధానం జోలికొస్తే ఊరుకోలేదన్నమాట.

మొదటి సినిమా సంగతా? 1926లో నిర్మాత వాయే స్టూడియో అంటుకుంది. ఊరు కాలడం చూపించిన రీళ్ళూ అందులోనే పోయాయి. మరో ప్రింటు లేదు.