ఆయుధహక్కు – మన సీమ చరిత్ర

విద్యార్థుల వ్యాసరచనపోటీలకు విషయము నిర్ణయించునపుడు మనము మాతృభాష, దేశభక్తి, క్రమశిక్షణ వంటివానినే తలంతుము. "పౌరునికి ఆయుధము ధరించు హక్కు ఉండవలెనా?" అను ప్రశ్నయు వారికి ఈయదగినదే. అది అమెరికావారి ప్రశ్న యని త్రోసివేయరాదు. మన తిరుత్తణి సీమకును దానితో సంబంధము కలదు.

అమెరికా రాజ్యాంగమున 1791లో ఆ హక్కు చేరినది. ఆ కాలమున తిరుత్తణి ప్రాంతము కార్వేటినగర సంస్థానాధీశుల యేలుబడిలో నుండెను. ఇచ్చట ఆయుధము హక్కు కాదు. భూమితో ముడివడిన విధి. కట్టుబడి బంట్లు మాన్యములు అనుభవించుచు, ఊళ్లకు కావలి కాచుచు, పిలుపు వచ్చినపుడు ప్రభువు వెంట నడచుచుండిరి.

1801లో కర్ణాటక నవాబు రాజ్యము కుంఫిణీవారి వశమయ్యెను. మరుసటి యేట కార్వేటినగరము, వేంకటగిరి, కాళహస్తి సంస్థానములకు శాశ్వత సన్నదులు లభించెను. సైన్యముతో చేయవలసిన కొలువు పోయి, దానికి బదులు పేష్కష్ సొమ్ము వచ్చినది. దక్షిణమున ఈ మార్పు మరింత కఠినముగా నడచెను. 1799లో పాంచాలంకురిచ్చి కట్టబొమ్మని ఉరితీసిరి. 1801లో గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రకటనతో పాళెగాండ్ర కోటలను కూల్చి, ప్రజల ఆయుధములను లాగికొనిరి. చిత్తూరు పడమటి పాళెగాండ్రు 1804లో తిరుగబడి అణగిపోయిరి.

1878 ఆయుధశాసనముతో దేశమంతటను లైసెన్సు లేక ఆయుధము ధరించుట నేరమయ్యెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. ఈ పక్షపాతమే మనవారిని నొప్పించినది. 1887లో మద్రాసున జరిగిన కాంగ్రెసు మహాసభ ఆ శాసనమును సడలింపుమని కోరెను. 1931 కరాచీ తీర్మానము నిబంధనలకు లోబడిన ఆయుధహక్కును పౌరుల ప్రాథమిక హక్కులలో చేర్చెను.

కాని స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1948 డిసెంబరులో, రాజ్యాంగసభలో కామత్‌గారు ఆ హక్కును ప్రతిపాదింపగా అంబేద్కరుగారు అంగీకరింపలేదు. నేరస్థులు సైతము దానిని కోరగలరని ఆయన వాదము. సభ ప్రతిపాదనను త్రోసిపుచ్చెను. శాంతముగా, నిరాయుధముగా సమావేశమగు స్వేచ్ఛయే 19వ అధికరణమున నిలిచినది. 1959లో క్రొత్త ఆయుధశాసనము వచ్చినను లైసెన్సు పద్ధతియే కొనసాగినది.

ఆ 1959లోనే సరిహద్దుల మార్పు శాసనమును వెలువడినది. పటాస్కరు మధ్యవర్తిత్వము ననుసరించి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. పూర్వము బంట్ల కత్తులు కాచిన యెల్లలను ఈసారి పార్లమెంటు కాగితము మార్చినది. ఆ దినమున మన కుటుంబములు ఇల్లు కదలకయే అల్పసంఖ్యాకులైనవి.

అట్టివారి రక్షణకై రాజ్యాంగము ఆయుధమును గాక 29వ అధికరణమును ఇచ్చినది: తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు. దీనికి లైసెన్సు అక్కరలేదు. కాని వాడని కత్తివలె వాడని హక్కును తుప్పుపట్టును. పోటీలో మన బిడ్డ ఔనని వ్రాసినను, కాదని వ్రాసినను బహుమతికి అర్హుడే. ఆ వ్యాసమును తెలుగు లిపిలో వ్రాయగలుగునట్లు వానికి నేర్పుట మన విధి.