పండుగల పేర్లు గల పాఠకాలములు

బడి ఎప్పుడు తెరచుదురని మన పల్లెలో అడిగినయెడల, జూను నెలలోనని చెప్పుదుము. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమందు అదే ప్రశ్నకు "మైకేల్మస్ టర్ములో" అని జవాబు వచ్చును. ఈ పేరెక్కడిది?

ఆక్స్‌ఫర్డులో సంవత్సరమునకు మూడు టర్ములు. మొదటిది మైకేల్మస్. సెప్టెంబరు 29వ తేది ప్రధానదూతయైన మిఖాయేలు పండుగ గనుక ఆ పేరు వచ్చెను. ఆ దేశపు రైతులకును ఆ దినము బాగుగా తెలిసినదే. కౌలు చెల్లించు నాలుగు గడువులలో అది యొకటి. రెండవ టర్ము హిలరీ. పొయితియే పట్టణపు బిషప్పైన హిలరీని జనవరి 13న జ్ఞాపకము చేసికొందురు. క్రీస్తు దైవత్వమును గూర్చిన వాదములో ఆయన వెనుదీయలేదు, అందువలన క్రీ.శ. 356లో దూరదేశమునకు పంపివేయబడెను. త్రిత్వమును గూర్చిన ఆయన గ్రంథము చాలవరకు ఆ ప్రవాసకాలమందే వ్రాయబడెను. మూడవ టర్ము పేరు ట్రినిటీ, అనగా త్రిత్వము. పెంతెకొస్తు తరువాతి ఆదివారము త్రిత్వ ఆదివారము గదా!

కేంబ్రిడ్జిలో మైకేల్మస్, లెంట్, ఈస్టర్ అనియు, డర్హములో మైకేల్మస్, ఎపిఫనీ, ఈస్టర్ అనియు పిలుతురు. పూర్వకాలమున జనులు తేదీలకంటె పండుగలనుబట్టియే దినములు లెక్కించిరి. గురువులలో అనేకులు సంఘ పరిచారకులు. అందుచేత చదువుల లెక్కయు ఆరాధన లెక్కయు ఒక్కటిగా నడిచెను. నేటికిని ఆక్స్‌ఫర్డులో పాఠములు జరుగు ఎనిమిది వారములు ఆదివారముతో ఆరంభమై శనివారముతో ముగియును.

అయితే 2023లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వారు మైకేల్మస్, లెంట్ అను పేర్లను తీసివేసి, ఋతువుల పేర్లు పెట్టిరి. కొందరు దీనికి నొచ్చుకొనిరి. మనమేమందుము? పేరు పోయినందుకు దుఃఖించుట సహజమే. గాని పేరు నిలిచియున్నచోట మాత్రము దాని భావము నిలిచినదా? హిలరీ ఎవరో, ఏల శ్రమపడెనో ఎరుగకయే ఆ టర్మంతయు చదివి వెళ్లువారు లేకపోలేదు.

ఈ ప్రశ్న మన వాకిటికిని వచ్చును. గుడ్ ఫ్రైడేకు బడికి సెలవు. మన బిడ్డ పుస్తకముల సంచి మూలనుంచి, ఆటకు పరుగెత్తును. ఆ సెలవు ఎందుకో వానికి ఎవరు చెప్పవలెను? పంచాంగము చెప్పదు, బడి గంట చెప్పదు. ఆ సాయంకాలము దీపము వెలిగించి, వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, తల్లిదండ్రులే చెప్పవలెను.