నేల దగ్గరికొచ్చినంకనే ఎందుకు? బాలయోగి గారి హెలికాప్టర్ ప్రమాదం చెప్పే పాఠం



మొన్న మా ఊరు మెండోరకు పోయినప్పుడు బాపు ఒక ప్రశ్న వేసిండు. "ఏందిరా, అంత పైన మంచిగనే పోతయి, నేల దగ్గరికొచ్చినంకనే ఎందుకు పడుతయి ఈ విమానాలు?" జక్రాన్‌పల్లికి ఎయిర్‌పోర్ట్ వస్తదన్న ముచ్చట మా దిక్కు ఏండ్ల సంది నడుస్తున్నది గదా, అందులోంచి వచ్చిన ప్రశ్న అది. బీటెక్ చదివిన నాకు కూడా వెంటనే జవాబు రాలేదు. వెతుక్కుంటూ పోతే నేను ఆగింది 2002 మార్చి 3 దగ్గర.

ఆ రోజు పొద్దున జీఎంసీ బాలయోగి గారు భీమవరం నుంచి హైదరాబాద్‌కు బయలుదేరారు. అమలాపురం ఎంపీ, లోక్‌సభకు తొలి దళిత స్పీకర్. వయసు 50 ఏళ్లే. ఎక్కింది బెల్ 206 అనే చిన్న హెలికాప్టర్. ఆయనతో పాటు పైలట్, ఒక సెక్యూరిటీ అధికారి. అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంక అనే ఊళ్లో అది చేపల చెరువులో కూలింది. ముగ్గురూ చనిపోయారు.

యంత్రంలో లోపం అన్న మాట అప్పట్లో వచ్చింది. ఊరివాళ్లు చెప్పిన కథనం వేరు. దారి సరిగ్గా కనపడక పైలట్ దించాలని చూశాడు. పై నుంచి గట్టి నేలలా కనపడింది నిజానికి చెరువు. దగ్గరికొచ్చాక తెలిసి మళ్లీ పైకి లేపబోతే, రెక్క కొబ్బరిచెట్టుకు తగిలింది.

చెరువు నేలలా ఎట్ల కనపడుతది అనుకుంటున్నరా? చలికాలం పొద్దున పోచంపాడు కట్ట మీద నిలబడి చూడండి. మంచులో నీళ్లు ఎక్కడ అయిపోయినయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెల్వదు. అలల్లేని నీళ్ల మీద ఎత్తు అంచనా వేయడం ఎంత కష్టమో నీటి మీద దిగే విమానాల పైలట్లకు ప్రత్యేకంగా నేర్పుతారు. కైకలూరు అంటే కొల్లేరు పక్కన, చుట్టూ చెరువులే. ఆ హెలికాప్టర్ రెక్కల వెడల్పు సుమారు 10 మీటర్లు. కొబ్బరిచెట్ల మధ్య అంత జాగా దొరకాలె గదా!

చూపు పోతే ఏమైతదో 1954లోనే అమెరికాలో పరీక్షించారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు, మేఘాల్లో నడిపే అనుభవం లేని 20 మందిని బయట ఏమీ కనపడకుండా చేసి నడపమన్నారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన టైమ్ 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

ఇక రెక్కల విమానాల సంగతి. సెస్నా లాంటివి గాలిలో నిలవాలంటే కనీస వేగం ఉండాలి. అది తగ్గితే రెక్క పట్టు పోతది, దాన్నే స్టాల్ అంటారు. దిగేటప్పుడు వేగం తగ్గించక తప్పదు. అదే టైమ్‌లో రన్‌వేకి ఎదురుగా రావడానికి వంపు తిరగాలి. 60 డిగ్రీలు వంచి ఎత్తు తగ్గకుండా తిరిగితే, ఆ కనీస వేగమే 41 శాతం పెరుగుతది. అంటే ఒకవైపు మనం తగ్గిస్తున్నం, ఇంకోవైపు అవసరం పెరుగుతున్నది. 5,000 అడుగుల మీద స్టాల్ అయితే ముక్కు దించి సర్దుకోవచ్చు. 300 అడుగుల మీద అయితే? ఇదీ బాపు ప్రశ్నకు జవాబు. తప్పు అదే, సరిదిద్దుకునే జాగా లేదంతే.

దీనికి మందు కూడా ఉంది, గో-అరౌండ్. దిగడం కుదరట్లేదనిపిస్తే వదిలేసి, పవర్ పెంచి, మళ్లీ చుట్టు తిరిగి రావడం. కానీ అది తొందరగా తీసుకోవాల్సిన నిర్ణయం. కొమ్మలు కనపడ్డాక కాదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక శుక్రవారం రాత్రి, రోల్‌బ్యాక్ చేద్దామని తెలిసి కూడా "ఇంకొక్క ఫిక్స్" అనుకుంటూ తెల్లారే దాకా లాగిన. సర్వర్ పోయింది, మనుషులు పోలే. పైలట్‌కు ఆ సౌకర్యం లేదు.

ఇంకో మాట. పైలట్ మీద ఒత్తిడి వెనక సీట్లోంచి వస్తది. మీటింగ్ ఉంది, జనం ఎదురుచూస్తున్నరు, పోవాల్సిందే అంటరు. రేపు జక్రాన్‌పల్లిలో నిజంగనే చిన్న విమానాలు దిగితే, మనలో ఎవరో ఒకరు ఆ సీట్లో కూచుంటరు. "ఇయ్యాల మబ్బుంది సార్, గంట ఆగుదాం" అని పైలట్ అంటే, "సరే" అనడం నేర్చుకోవాలె మనం.

బాపుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పిన. "గంట ఆగితే ఏం పోతది రా" అన్నడు. అంతే.